బండి కొనేముందు హ్యాండిలు పట్టుకుని చూడండి



మిరప కోతలు అయిపోయి, కాయ యార్డుకి చేరి, నాలుగు డబ్బులు చేతిలో ఆడే రోజులివి. ఉగాదికి కొత్త బండి తీసుకుందామని చాలా ఇళ్లల్లో మాటలు నడుస్తుంటాయి. అందుకే ఈ సంగతి ఇప్పుడే రాస్తున్నా. కొనేసిన తర్వాత రాసి ఉపయోగం లేదు కదా.

షోరూముకి పోయిన ప్రతివాడూ మూడే అడుగుతాడు. లీటరుకి ఎంత ఇస్తుంది, మొత్తం కలిపి ఎంత పడుద్ది, ముందు ఎంత కట్టాలి. కుర్రాళ్లయితే సీసీ ఎంత అని ఇంకో మాట కలుపుతారు. హ్యాండిలు పట్టుకుని పది నిమిషాలు కూర్చుని చూసేవాళ్లు మాత్రం అరుదు. ఎద్దుని కొనేటప్పుడు మనం పళ్లు చూస్తాం, గిట్టలు చూస్తాం, సుడులు చూస్తాం, కాడి వేసి నాలుగు చాళ్లు నడిపించి చూస్తాం. లక్ష రూపాయలు పోసే బండిని మాత్రం రంగు చూసి ఇంటికి తెచ్చుకుంటాం.

నేను చెప్పేది ఒక్కటే. రోజూ నడిపే మనిషి ఎవరు, రోజూ నడిచే దారి ఏది, రోజూ మోసే బరువు ఏంటి, ఈ మూడూ చూసి బండి కొనాలి. ఈ మూడింటికీ సరిపడిందా లేదా అన్నది హ్యాండిలు దగ్గరే తెలిసిపోద్ది. మైలేజీ తేడా వస్తే నెలకి రెండు మూడు వందలు పోతాయి. హ్యాండిలు తేడా వస్తే నడుం పోద్ది. నడుం పోయిన రైతుకి పొలం ఎందుకు, బండి ఎందుకు?

కొనేది ఒకరి కోసం, నడిపేది ఇంకొకరు

మన ఇళ్లల్లో జరిగేది చూడండి. చాలా ఇళ్లకి ఒకటే బండి. దానికి అప్పు ఒకటే. ఏది కొనాలో తేల్చేది మాత్రం ఇంట్లో ఉన్న ఇరవై ఏళ్ల కుర్రాడు. వాడికి ముందుకి వంగి నడిపే బండి కావాలి. రోజూ అన్నం మానేసి అలిగితే తల్లి మనసు ఊరుకోదు, తండ్రి సంతకం పెడతాడు.

ఆర్నెల్లు తిరక్కుండానే కుర్రాడు చదువుకనో, ఉద్యోగానికనో హైదరాబాదో, బెంగళూరో పోతాడు. బండి ఇంట్లో ఉంటది. కిస్తీలు తండ్రి కడతాడు. తెల్లారి పాలకేంద్రానికి ఆ బండే, పొలానికి ఆ బండే, యూరియా కట్టకి ఆ బండే, భార్యని ఆస్పత్రికి తీసుకెళ్లాలన్నా ఆ బండే. యాభై ఏళ్ల మనిషి, పగలంతా పొలంలో వంగి పని చేసినవాడు, సాయంత్రం మళ్లీ ట్యాంకు మీద వంగి ఇంటికి రావాలి. వెనక సీటు ఎత్తుగా, జానెడు వెడల్పున ఉంటది. చీర కట్టుకున్న ఆవిడ ఒక పక్కకి తిరిగి దాని మీద ఎట్లా కూర్చుంటది? ఎక్కడ పట్టుకుంటది?

ఆ కుర్రాళ్లని తిట్టడానికి ఇది రాయట్లేదు. ఆ వయసులో ఆ ముచ్చట తప్పు కాదు. అలాంటి బండి కూడా చెడ్డది కాదు. అది తయారైన పని వేరు, మనం చేయించే పని వేరు. అదేంటో చెబుతాను.

హ్యాండిలు ఏం చేస్తుంది

బండి మీద మనిషి బరువు మూడు చోట్ల పడుతుంది. సీటు మీద, కాళ్లు పెట్టే చోట, హ్యాండిలు మీద. ఈ మూడూ ఒకదానికొకటి ఎంత దూరంలో, ఎంత ఎత్తులో ఉన్నాయన్నదాన్ని బట్టి మన ఒళ్లు ఎట్లా వంగాలో తేలుతుంది. ముక్కాలి పీట లాంటిదే ఇది. ఒక కాలు పొట్టిదైతే బరువంతా ఒక పక్కకి పోద్ది.

హ్యాండిలు ఎత్తుగా, మన వైపుకి ఉంటే వెన్ను నిటారుగా ఉంటుంది. చేతుల మీద బరువు పడదు. చేతులు తిప్పడానికే తప్ప మొయ్యడానికి కాదు. హ్యాండిలు కిందికి, ముందుకి ఉంటే ఛాతీ బరువంతా అరచేతుల మీదకొస్తుంది. అరచెయ్యి మడమ దగ్గర నుంచి వేళ్లకి పోయే నరాలుంటాయి. అవి నొక్కుకుపోతే చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతాయి. ఇంకో వైపు నొక్కితే బొటనవేలు, చూపుడు వేలు మొద్దుబారతాయి. రోజూ అలాగే నడిపితే స్ప్రేయర్ గన్ను గట్టిగా పట్టుకోవడం కూడా కష్టమైద్ది. పైగా ముందుకి వంగినవాడు దారి చూడాలంటే మెడ పైకెత్తాలి. నెత్తిన హెల్మెట్ బరువు. ఆ బరువంతా మెడ వెనక కండరాలే మొయ్యాలి.

మరి అట్లాంటి బండ్లు ఎందుకు చేస్తారు అంటారా? వేగంగా పోయేటప్పుడు ఎదురుగాలి ఛాతీని వెనక్కి నెడుతుంది. ముందుకి వంగినవాడి బరువు ఆ గాలి కొంత మోస్తుంది, అరచేతుల మీద భారం తగ్గుద్ది. వంగి ఉంటే గాలి కూడా తక్కువ తగులుతుంది. అందుకని తారు రోడ్డు మీద, వేగానికి ఆ కూర్చోవడం సరిపోద్ది. మన డొంకలో ముప్పై దాటితేనే గొప్ప. ముప్పైలో గాలి ఎవరినీ మొయ్యదు. మొత్తం బరువు మన మణికట్టుదే. పైన గుంతల కుదుపు అదనం.

రకాల వారీగా చూద్దాం

ఒకటి, మనందరికీ తెలిసిన మామూలు వంద సీసీ బండ్లు. స్ప్లెండర్, ప్లాటినా, సీటీ, షైన్ లాంటివి. హ్యాండిలు కొంచెం ఎత్తుగా లేచి మన వైపుకి వంగి ఉంటుంది. కాళ్లు సుమారుగా మన కిందే ఉంటాయి. సీటు పొడుగ్గా, ఒకే మట్టంగా ఉంటుంది. స్ప్లెండర్ 1994లో వచ్చింది. ఇన్నేళ్లలో ఎన్ని మార్పులొచ్చినా ఆ కూర్చునే తీరు పెద్దగా మారలేదు. మారకపోవడానికి కారణం ఉంది. సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు, బండి బరువు 112 కిలోల దరిదాపు. పొట్టి మనిషికైనా కాళ్లు ఆనుతాయి. బురదలో దిగబడితే ఒక్కడే లాక్కోగలడు.

రెండు, ఎక్సెల్ బండి. దీన్ని చూసి నవ్వేవాళ్లు ఉన్నారు. 1980లో టీవీఎస్ 50 వచ్చిన దగ్గర్నుంచి మన పల్లెల్లో దీని మీద మొయ్యని సరుకు లేదు. గేర్లు లేవు, క్లచ్ లేదు. ఎడమ చేతికి క్లచ్ పని తప్పుతుంది. రోజుకి నూటయాభైసార్లు క్లచ్ నొక్కే వేళ్లకి అది ఎంత సుఖమో వేళ్లు నొప్పి ఉన్నవాళ్లని అడగండి. హ్యాండిలు నిటారుగా కూర్చునేటట్టు ఉంటుంది. వెనక సీటు తీసేసుకోవచ్చు, ముందు కాళ్ల దగ్గర కట్ట పెట్టుకోవచ్చు. బండి తొంభై కిలోల లోపే. చక్రం పదహారు అంగుళాలు. లోపం ఏంటంటే రోడ్డెక్కి దూరం పోవడానికి, లారీల మధ్య పోవడానికి పనికిరాదు. సీటు చిన్నది, గంట దాటితే కూర్చోలేం. ఊరు, పొలం, పాలకేంద్రం, సొసైటీ, వీటి మధ్య తిరిగేవాడికి దీన్ని మించింది లేదని నా అభిప్రాయం.

మూడు, స్కూటర్లు. నిటారుగా కూర్చుంటాం, చేతుల మీద బరువు లేదు. కాళ్ల దగ్గర చదునుగా ఉంటది కాబట్టి చిన్న మూటలు పెట్టుకోవచ్చు. చీర కట్టుకున్నవాళ్లు కూడా నడుపుకోవచ్చు. ఇంట్లో ఆడవాళ్లు నడిపేదైతే మొదట చూడాల్సింది ఇదే. కానీ చక్రాలు చిన్నవి. చాలావాటికి పది, పన్నెండు అంగుళాలే. పద్దెనిమిది అంగుళాల చక్రం దాటిపోయే గుంతలో పది అంగుళాల చక్రం దిగబడి లేస్తుంది. ఆ దెబ్బ నేరుగా వెన్నుకి తగులుద్ది. కాళ్లు ముందుకి ఉంటాయి కాబట్టి గుంత దగ్గర సీటు మీద నుంచి లేచే వీలు కూడా సరిగా ఉండదు. సిమెంటు రోడ్డు ఉన్న ఊరికి స్కూటరు మంచిది. డొంక దారికి కాదు. కరెంటు స్కూటర్లకీ ఇదే లెక్క. బ్యాటరీ మారినంత మాత్రాన గుంత మారదు కదా.

నాలుగు, బుల్లెట్ తరహా బరువు బండ్లు. హ్యాండిలు వెడల్పుగా, మన వైపుకి ఉంటుంది. కూర్చుంటే హుందాగా ఉంటుంది, కాదనను. తారు రోడ్డు మీద నడుముకి సుఖమే. కానీ దాదాపు 195 కిలోలు. స్ప్లెండర్ కన్నా ఎనభై కిలోలు ఎక్కువ. అంటే దాదాపు రెండు యూరియా కట్టల బరువు అదనంగా ఎప్పుడూ మోస్తూనే ఉన్నట్టు. పశువుల కొట్టం ముందు వెనక్కి తిప్పుకోవాలన్నా, కాలవ కట్ట మీద జారితే లేపాలన్నా నడుమే పని చెయ్యాలి. నడుపుతున్నప్పుడు మిగిలిన నడుం దాన్ని తోసేటప్పుడు ఖర్చయిపోద్ది.

ఐదు, కాళ్లు బాగా ముందుకి చాపి, చేతులు పొడుగ్గా పెట్టి, వెనక్కి వాలినట్టు కూర్చునే బండ్లు. చూడ్డానికి వాలుకుర్చీలో కూర్చున్నట్టు ఉంటుంది. తారు రోడ్డు మీద అలాగే ఉంటుంది కూడా. గుంతల రోడ్డు మీద అసలు సంగతి తెలుస్తుంది. మనిషి గుంత వచ్చినప్పుడు ఏం చేస్తాడు? కాళ్ల మీద బరువు మోపి సీటు నుంచి కాస్త లేస్తాడు. మోకాళ్లు స్ప్రింగుల్లాగా పని చేస్తాయి. కాళ్లు మన కింద ఉంటేనే అలా లేవగలం. కాళ్లు ముందుకి చాపి ఉంటే లేవలేం. మొత్తం దెబ్బ తోకఎముక మీదే.

ఆరు, ముందుకి వంగి నడిపే స్పోర్ట్స్ బండ్లు. హ్యాండిలు ఒకే కడ్డీగా ఉండదు, రెండు ముక్కలుగా ముందు షాకబ్జర్లకి బిగించి ఉంటుంది. కాళ్లు వెనక్కి, పైకి ముడుచుకోవాలి. ఉదాహరణకి ఆర్15 సీటు ఎత్తు 815 మిల్లీమీటర్లు. ఇరుకు దారిలో మళ్లించాలన్నా హ్యాండిలు తక్కువే తిరుగుతుంది. గడ్డిమోపు, పాలక్యాను, కట్ట, ఏదీ కట్టడానికి చోటుండదు. పైన చెప్పినట్టు ఇది తారు రోడ్డు బండి. పొలం బండి కాదు.

ఏడు, చదునైన వెడల్పు హ్యాండిలు ఉన్న నూటయాభై, రెండొందల సీసీ బండ్లు. ఇవి మధ్యరకం. హ్యాండిలు వెడల్పుగా ఉంటే ఇసుకలో, బురదలో తిప్పడం తేలిక, తక్కువ బలం చాలు. పొడుగు గడ్డపారతో రాయిని లేపినట్టే. అయితే చేతులు పొట్టివాళ్లకి మలుపులో బయట వైపు చెయ్యి అందక భుజం లాగుద్ది. పొడుగు మనుషులకి సరిపోతాయి. అది కూర్చుని చూస్తేనే తెలుస్తుంది.

బరువు ఎక్కడ పెడతామో అదీ ముఖ్యం

మనం బండి మీద మనిషితో పాటు సరుకు కూడా ఎక్కిస్తాం. అందుకే హ్యాండిలు గురించి మాట్లాడితే సరుకు గురించి కూడా మాట్లాడాలి.

చాలామంది పాలక్యాను, సంచి, పురుగుమందు డబ్బాల కవరు హ్యాండిలుకి తగిలిస్తారు. పాలు లీటరు అంటే కిలో పైమాటే. పది లీటర్ల క్యాను తగిలిస్తే క్యానుతో కలిపి పది కిలోలు దాటి ఒక పక్కకి లాగుతుంది. ఆ లాగుడుని ఆపడానికి రెండో చెయ్యి ఎప్పుడూ ఎదురు బలం పెట్టాలి. నెల రోజులు గమనించండి, క్యాను తగిలించే పక్క కాదు, ఎదురు పక్క భుజం నొప్పి పుడుద్ది. పైగా హ్యాండిలు తిప్పినప్పుడు క్యాను ఊగుద్ది, ఊగితే హ్యాండిలు దానంతటదే తిరుగుద్ది. క్యాన్లు రెండు పక్కలా సమానంగా వెనక కట్టుకునే ఇనప ఊచల చట్రం చేయించుకోవడం మంచిది.

వెనక క్యారియర్ మీద 45 కిలోల యూరియా కట్ట వేసినప్పుడు ముందు చక్రం తేలిపోద్ది. హ్యాండిలు బరువు లేకుండా దూదిలాగా అయిపోద్ది. అది సుఖం కాదు, ప్రమాదం. ముందు చక్రానికి నేల మీద పట్టు తగ్గిందని అర్థం. కట్ట ఎంత వెనక్కి పోతే అంత తేలిపోద్ది. అందుకే కట్టని సీటుకి ఆనించి ముందుకి జరిపి కట్టాలి. ఎక్సెల్ మీద కాళ్ల దగ్గర పెట్టిన కట్ట రెండు చక్రాల మధ్యలో, కిందికి ఉంటది. బండి కదలకుండా నడుస్తుంది. ఆ బండి మన పల్లెల్లో ఇన్నాళ్లు బతకడానికి సగం కారణం అదే.

స్ప్రేయర్ విషయం కూడా చెప్పాలి. పదహారు లీటర్ల ట్యాంకు నింపి వీపుకి తగిలించుకుని బండి నడపొద్దు. నీళ్లే పదహారు కిలోలు. వీపు మీది బరువు ముందుకి వాలితే చేతుల మీదకొస్తుంది, వెనక్కి వాలితే నడుం పట్టేస్తుంది. ఖాళీ ట్యాంకు తీసుకుపోయి పొలం గట్టు దగ్గరే నింపుకోండి.

కొనేముందు ఇలా చూడండి

షోరూము వాడు తొందరపెడతాడు. తొందరపడొద్దు. డబ్బు మనది.

1. బండి మీద కూర్చుని కళ్లు మూసుకోండి. చేతులు రెండూ మామూలుగా ముందుకి చాపండి, ఎక్కడికి వస్తాయో అక్కడ ఆపండి. కళ్లు తెరవండి. గ్రిప్పులు ఆ దగ్గర్లోనే ఉంటే ఆ బండి మీ ఒంటికి సరిపోయినట్టు. జానెడు ముందుకో, కిందికో ఉంటే కాదు.

2. గ్రిప్పులు పట్టుకుని వేళ్లన్నీ ఒక్కసారి వదిలేసి చూడండి. ముందుకి పడబోతే మీ బరువు చేతుల మీద ఉన్నట్టు. కదలకుండా కూర్చోగలిగితే బరువు సీటు మీద ఉన్నట్టు. మనకి కావాల్సింది అదే.

3. మోచెయ్యి కొంచెం వంగి ఉండాలి. చెయ్యి పూర్తిగా చాపుకుంటే ప్రతి గుంత దెబ్బ నేరుగా భుజానికి పోద్ది.

4. హ్యాండిలు పూర్తిగా కుడికి, పూర్తిగా ఎడమకి తిప్పండి. మోకాలికి తగలకూడదు. బొటనవేలు ట్యాంకుకి నొక్కుకోకూడదు. బయటి చెయ్యి అందకుండా పోకూడదు.

5. రెండు కాళ్లూ నేలకి ఆనాలి. పూర్తి పాదం కాకపోయినా ముందు సగం పాదమైనా ఆనాలి. వరి గట్టు మీద, కాలవ పక్కన ఆగినప్పుడు కాలు అందకపోతే బండి, మనిషి ఇద్దరూ కిందికే.

6. స్టాండు తీసి, ఒకరిని బండి పట్టుకోమని చెప్పి, కాళ్ల మీద లేచి నిలబడి చూడండి. హ్యాండిలుని లాక్కోకుండా లేవగలిగితే డొంక దారికి పనికొస్తుంది.

7. ఇంటావిడని తీసుకెళ్లండి. వెనక కూర్చోబెట్టండి. కాలు పెట్టుకునే చోటు ఉందా, పట్టుకునే కమ్మీ ఉందా, చీర చక్రంలో పడకుండా గార్డు ఉందా చూడండి. ఇవి ఉండాలని మోటారు వాహనాల రూల్సులోనే ఉంది. అందం కోసమని కుర్రాళ్లు గార్డు తీయించేస్తారు. తీయనివ్వొద్దు. చీర చక్రంలో చుట్టుకుపోతే ఏం జరుగుద్దో మన పల్లెల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు.

8. షోరూము ముందు తారు రోడ్డు మీద ఒక చక్కరు కొట్టి సరే అనొద్దు. నొప్పి మొదటి ఐదు నిమిషాల్లో రాదు, అరగంట దాటాక వస్తుంది. మీ ఊళ్లో ఆ బండి ఉన్న బంధువునో, స్నేహితుడినో అడిగి ఒక రోజు మీ పొలం దారిలోనే నడిపి చూడండి.

ఉన్న బండికి చేసుకోవాల్సినవి

కొత్త బండి కొనే స్తోమత అందరికీ ఉండదు. ఉన్న బండి మీదే నొప్పులు తగ్గించుకునే దారులున్నాయి. వీటిల్లో చాలావాటికి రూపాయి ఖర్చు లేదు.

బ్రేకు, క్లచ్ లివర్లు ఏ కోణంలో ఉన్నాయో చూడండి. సీటు మీద కూర్చుని చెయ్యి చాపితే మోచెయ్యి నుంచి వేలి కొస దాకా ఒకే గీతలో ఉండాలి. లివరు పైకి ఉంటే ప్రతిసారీ మణికట్టు వెనక్కి విరుచుకోవాలి. దాని బోల్టు కాస్త లూజు చేసి కిందికి తిప్పి బిగిస్తే సరి. మెకానిక్‌కి ఐదు నిమిషాల పని. రోజూ క్లచ్ నొక్కే మణికట్టుకి నెల రోజుల్లో తేడా తెలుస్తుంది.

క్లచ్ కేబుల్‌లో ఆయిలు వేయించండి. తుప్పు పట్టిన కేబుల్ ఉంటే క్లచ్ రాయిలాగా ఉంటది. వేళ్ల నొప్పికి మాత్రలు మింగేవాళ్లలో కొందరికి కావాల్సింది మాత్ర కాదు, కొత్త కేబుల్.

కోన్‌సెట్ చూపించండి. ముందు చక్రం లేపి హ్యాండిలు మెల్లగా తిప్పితే మధ్యలో గుంటలో పడినట్టు ఆగుతుంటే కోన్‌సెట్ పోయినట్టు. అలాంటి బండిని తిన్నగా నడపాలంటే భుజాలు ఎప్పుడూ బిగబట్టుకునే ఉండాలి. మనకి తెలియకుండానే ఒళ్లు అలిసిపోద్ది.

పడిపోయి వంగిన హ్యాండిలుని కొట్టి సరిచేయించి వాడొద్దు. వంగి మళ్లీ తిన్నగా అయిన ఇనుము అక్కడ బలహీనపడుద్ది. పైగా ఒక వేలెడు తేడా ఉన్నా ఒక భుజం ముందుకి, ఒక భుజం వెనక్కి పెట్టి నడపాలి. అదే కంపెనీ హ్యాండిలు కొత్తది వేయించుకోండి. మన బండ్లకి పెద్ద ఖరీదేం కాదు.

గ్రిప్పులు అరిగి నున్నగా అయితే మార్చండి. జారే గ్రిప్పుని మనం గట్టిగా బిగించి పట్టుకుంటాం. ఆ బిగింపే వేళ్ల నొప్పి. టైర్లలో గాలి కంపెనీ చెప్పినంతే ఉండాలి. బరువు వేస్తున్నామని రాయిలాగా గాలి కొట్టిస్తే కుదుపంతా వెన్నుకే. బరువుకి ఎంత ఉండాలో బండితో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటది. వెనక షాకబ్జర్లకి మెట్లు ఉంటాయి, బరువుని బట్టి మార్చుకోవచ్చు. కొన్నాళ్లుగా ఇద్దరు ఎక్కుతున్న బండికి ఒక్కడి మెట్టు మీదే పెట్టి నడిపేవాళ్లు ఎంతోమంది.

ఒక హెచ్చరిక. హ్యాండిలు ఎత్తు పెంచాలని వెల్డింగ్ షాపులో ముక్కలు అతికించొద్దు. వెల్డింగ్ ఊడిందంటే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఎత్తు పెంచితే కేబుళ్లు లాక్కుపోతాయి. హ్యాండిలు తిప్పినప్పుడు ఎక్సలేటర్ దానంతటదే లేవొచ్చు. ఇంకోటి, కంపెనీ ఇచ్చినదానికి తేడాగా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందకి వస్తుంది. 2019లో సుప్రీంకోర్టు కూడా కంపెనీ ఇచ్చిన రూపం మార్చకూడదనే చెప్పింది. ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ వాళ్లకి సాకు మనమే ఎందుకు ఇవ్వాలి? కుర్రాళ్లు ఎత్తు హ్యాండిలు తీసేసి తిన్నటి కడ్డీ వేయించుకుంటారు చూడండి, వాళ్లకీ ఇదే మాట.

సైకిలుని మర్చిపోవద్దు

పొలం రెండు కిలోమీటర్ల లోపు ఉన్నవాళ్లు చాలామంది ఇప్పటికీ సైకిలు మీదే పోతారు. పెట్రోలు రేటు చూసి మళ్లీ సైకిలు ఎక్కినవాళ్లూ ఉన్నారు. మన పాత నల్ల సైకిలుని ఒకసారి జాగ్రత్తగా చూడండి. హ్యాండిలు వెనక్కి, మన వైపుకి వంగి ఉంటుంది. అందుకే నిటారుగా కూర్చుంటాం. నిటారుగా కూర్చుంటే బరువంతా సీటు మీదే కాబట్టి సీటు వెడల్పుగా, కింద స్ప్రింగులతో ఉంటుంది. చక్రాలు పెద్దవి, గుంతలు దాటతాయి. ఒకదానికొకటి లెక్క ప్రకారం కుదిరిన బండి అది.

ఇప్పుడొచ్చే లావు టైర్ల సైకిళ్లకి హ్యాండిలు తిన్నగా, ముందుకి ఉంటుంది. సీటు సన్నగా, గట్టిగా ఉంటుంది. ముందుకి వంగి బలంగా తొక్కే పడుచువాళ్లకి అది సరిపోద్ది. ఎందుకంటే వాళ్ల బరువు కొంత చేతుల మీద, కొంత కాళ్ల మీద ఉంటది. అరవై ఏళ్ల పెద్దాయన దాని మీద నిటారుగా కూర్చోవాలని చూస్తే ఆ సన్న సీటు గుచ్చుకుంటుంది, చేతులు అందవు. మనవడి సైకిలు తాత తొక్కితే వచ్చే బాధ అదే. పాతరకం వంపు హ్యాండిలు, స్ప్రింగు సీటు సైకిలు షాపుల్లో ఇప్పటికీ దొరుకుతాయి, మార్పించుకోవచ్చు.

హ్యాండిలు ఎత్తాలంటే పైన బోల్టు లూజు చేసి కాడ పైకి లాగొచ్చు. ఆ కాడ మీద గీత ఉంటుంది, అది బయటికి కనపడేదాకా లాగొద్దు. లోపల ఉండాల్సినంత లేకపోతే బరువు మీద విరుగుద్ది. సీటు ఎత్తు ఎట్లా తెలుస్తుందంటే, పెడలు కిందికి వచ్చినప్పుడు కాలు దాదాపు చాపుకోవాలి, మోకాలు కొంచెమే వంగాలి. కాళ్లు నేలకి పూర్తిగా ఆనాలని సీటు బాగా దించి తొక్కేవాళ్లకే మోకాళ్ల నొప్పులు ఎక్కువ.

చివరిగా

కొందరు అంటారు, ముప్పై ఏళ్లుగా ఏ బండి దొరికితే ఆ బండి నడిపాం, మాకేం కాలేదని. కాలేదా? సాయంత్రం అరుగు మీద కూర్చున్నప్పుడు మనం మాట్లాడుకునేవి ఏంటి? నడుం, మెడ, భుజం, మోకాళ్లు. అన్నీ బండి వల్లే అనను. పొలం పనిలోనే సగం ఒళ్లు అరుగుద్ది. కానీ పొలంలో వంగక తప్పదు, బండి మీద వంగడం తప్పించుకోవచ్చు. తప్పించుకోగలిగింది కూడా ఎందుకు మొయ్యాలి?

ఇంకొందరు అంటారు, పిల్లాడి ముచ్చట తీర్చొద్దా అని. తీర్చండి. వాడు సంపాదించాక వాడి డబ్బుతో వాడి బండి కొనుక్కుంటాడు, అప్పుడు ఏ హ్యాండిలైనా వాడిష్టం. ఇంటికి ఒకటే బండి, ఇంటికి ఒకటే అప్పు అయినప్పుడు మాత్రం అది ఇంట్లో అందరూ ఎక్కగలిగేది కావాలి. పిల్లలు చదువుకున్నవాళ్లు, ఎదురుగా కూర్చోబెట్టి చెబితే అర్థం చేసుకుంటారు. పైన రాసిన ఎనిమిది పాయింట్లు వాళ్ల చేతే చదివించండి. నాన్నని బండి మీద కూర్చోబెట్టి, అమ్మని వెనక కూర్చోబెట్టి, వాళ్లనే చూడమనండి. అప్పుడు ఏ బండో వాళ్లే చెబుతారు.

బండి కిస్తీలు మూడేళ్లల్లో తీరిపోతాయి. నడుం నొప్పికి మూడేళ్లు గడువేం ఉండదు.

ఉగాదికి బండి తీసుకునే ఆలోచన ఉన్నవాళ్లకి ఇది చూపించండి. మీరు ఏ బండి నడుపుతున్నారో, ఎంత దూరం, ఎంత బరువు, ఎక్కడ నొప్పి వస్తుందో కింద రాయండి. నాకు తెలిసింది నేను చెబుతా, మీకు తెలిసింది మీరు చెప్పండి. హెల్మెట్ పెట్టుకోండి, జాగ్రత్తగా నడపండి.

జై కిసాన్.